144 ఫ్రేములు, 5 రోజులు: యానిమేషన్ టెస్ట్ ఎక్కడ చెడుతుంది, ఎలా గట్టెక్కాలి

స్టూడియో నుంచి మెయిల్ వస్తుంది: ఒక రిగ్ (కదపడానికి ఎముకలు, కంట్రోళ్లు బిగించి ఇచ్చే 3డీ పాత్ర), ఏం చేయాలో చెప్పే ఒక పేజీ బ్రీఫ్, 5 రోజుల గడువు. ‘పాత్ర నేల మీద ఉన్న బరువైన పెట్టెను ఎత్తి బల్ల మీద పెట్టాలి. నిడివి 6 సెకన్లకు మించకూడదు. కెమెరా కదలకూడదు.’ క్యారెక్టర్ యానిమేటర్ ఉద్యోగానికి ఇచ్చే టెస్టుల్లో ఇది బాగా తెలిసిన రకం. చూడ్డానికి చిన్న పనే. అయినా చాలామంది ఇక్కడే దెబ్బతింటారు, అదీ దాదాపు ఒకే తీరులో. మొదటి రోజు ఉత్సాహంగా పోజులు పెట్టేస్తారు. రెండో రోజు బాగానే ఉందనిపిస్తుంది. మూడో రోజు స్ప్లైన్‌లోకి, అంటే పోజుల మధ్య కదలికను కంప్యూటర్ నింపే దశలోకి, మార్చగానే పాత్ర నీళ్లలో తేలుతున్నట్టు కదులుతుంది. మిగిలిన రెండు రోజులూ కదలికలను గీతలుగా చూపే గ్రాఫ్ ఎడిటర్‌లో ఆ గీతలు లాగడంతోనే అయిపోతాయి.

చేతివేగం చాలక ఇలా జరుగుతుందనుకుంటారు. అసలు కారణం వేరు. పాత్ర ఎంతసేపు ఆగాలి, ఏ కాలి మీద బరువు ఉండాలి, చేతులు పెట్టెను ఏ ఫ్రేములో పట్టుకోవాలి అన్నవి తేల్చుకోకుండా ముందుకు పోతే, వాటిని కంప్యూటర్ తేల్చేస్తుంది. దానికి బరువంటే ఏమిటో తెలియదు. రెండు కీల (పోజును నమోదు చేసిన ఫ్రేముల) మధ్య నున్నటి గీత గీయడం ఒక్కటే తెలుసు. గడువున్న టెస్టుకు ప్రణాళిక వేసుకోవడమంటే, ఈ సంగతులన్నీ స్ప్లైన్‌కు ముందే తేలిపోయేలా గంటలు పంచుకోవడం.

గంటల లెక్క

రోజుకు 6 గంటలు కూర్చోగలిగితే చేతిలో ఉన్నవి 30 గంటలు. అందులో 5 గంటలు బ్రీఫ్ చదవడానికి, రిగ్ పరీక్షించడానికి, రిఫరెన్స్ (చూసి చేయడానికి సొంత వీడియో) తీసి బొమ్మలు గీసుకోవడానికి. ముఖ్యమైన పోజులు, వాటి టైమింగ్ పెట్టే బ్లాకింగ్‌కు 10. స్ప్లైన్‌కు 7. చివరి మెరుగులకు, అంటే పాలిష్‌కు 4. వీడియో తీసి పంపడానికి 1. ఇక 3 గంటలు ఎవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టాలి. కరెంటు పోతుంది, ఫైల్ కరప్ట్ అవుతుంది, జ్వరం వస్తుంది. ఏదో ఒకటి జరిగే తీరుతుంది.

మొదటి రెండు పనులకే సగం సమయం పోవడం చూసి కొత్తవాళ్లు కంగారుపడతారు. స్ప్లైన్‌లో ఒక పోజు మార్చాలంటే దాని చుట్టూ ఉన్న పది పన్నెండు కీలను కూడా కదపాలి. బ్లాకింగ్‌లో అదే మార్పు రెండు నిమిషాల పని. అందుకే సమయాన్ని ముందువైపు ఎక్కువగా ఖర్చు పెట్టాలి.

బ్రీఫ్‌ను రెండుసార్లు చదవండి. రెండోసారి పెన్సిల్‌తో. ఫ్రేమ్ రేట్ (సెకనుకు ఎన్ని ఫ్రేములు) ఎంత, 24 ఆ, 25 ఆ, 30 ఆ? రిగ్ ఏ సాఫ్ట్‌వేర్‌లో, ఏ వెర్షన్‌లో తయారైంది? మాయా అనే యానిమేషన్ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్‌లో సేవ్ చేసిన ఫైల్‌ను పాత వెర్షన్‌లో తెరిస్తే మొండికేయవచ్చు, తెరుచుకున్నా ఏదో ఒకటి ఊడిపోవచ్చు. వీడియో సైజు, ఫైల్ పేరు ఎలా ఉండాలి, సీన్ ఫైల్ కూడా పంపాలా? సందేహముంటే మొదటి రోజే ఒకే మెయిల్‌లో అన్నీ అడిగేయాలి. నాలుగో రోజు అడిగితే బ్రీఫ్ అప్పుడే చదివినట్టు ఉంటుంది.

ఇంకొకటి కూడా ఇక్కడే చూసుకోవాలి. 5 నుంచి 10 సెకన్ల ఒక్క షాట్ అడిగితే అది టెస్ట్. డబ్బు మాట ఎత్తకుండా అర నిమిషం, నిమిషం నిడివిలో వరస షాట్లు అడిగితే అది పనే. దాన్ని ఎక్కడైనా వాడుకుంటారా అని అడగడానికి మొహమాటపడక్కర్లేదు.

రిగ్‌ను మొదట విరగ్గొట్టి చూడండి

కొత్త రిగ్ చేతికి రాగానే పోజు పెట్టొద్దు. గంటసేపు దాన్ని బాధ పెట్టండి. మోకాళ్లు పూర్తిగా మడిచి కూర్చోబెట్టండి. చేతులు నేలకు ఆనించండి. నడుము 90 డిగ్రీలు వంచండి. ఈ టెస్టులో పాత్ర చేసేది ఇదే కాబట్టి, ఎక్కడ చర్మం ముడుచుకుపోతుందో, ఎక్కడ భుజం కుంగిపోతుందో ఇప్పుడే తెలియాలి. నేల వరకు వంగితే తొడలు పొట్టలోకి దూసుకుపోయే రిగ్ అయితే, పాదాల మధ్య దూరం పెంచి వంచాలని మొదటి గంటలోనే తేల్చుకోవచ్చు. చేతులకు ఐకే (అరచేతిని లాగితే చేయంతా వెంట వచ్చే పద్ధతి), ఎఫ్‌కే (భుజం, మోచేయి, మణికట్టు వరసగా తిప్పే పద్ధతి) రెండూ ఉన్నాయా, ఒకదాన్నుంచి ఇంకోదానికి మారితే చేయి ఎగిరి పడుతోందా, మణికట్టు ఏ కోణంలో గింబల్ లాక్ అవుతోందో, అంటే రెండు అక్షాలు ఒకటైపోయి ఒకవైపు తిరగలేకపోతోందో చూసుకోండి.

అన్నిటికంటే ముఖ్యమైన పరీక్ష పెట్టెకూ చేతులకూ మధ్య ముడి. రెండు చేతులతో మోసే వస్తువుకు మామూలుగా సౌకర్యంగా ఉండే పద్ధతి ఇది: పెట్టెను విడిగా యానిమేట్ చేసి, ఐకే చేతులు దాన్ని అనుసరించేలా కన్‌స్ట్రెయిన్ చేయడం. అప్పుడు పెట్టె ఎటు ఊగినా అరచేతులు జారవు. పెట్టెను ఒక చేతికి కడితే రెండో చేయి ప్రతి ఫ్రేములోనూ దాని వెంట పరుగెత్తాలి. చిక్కంతా ముడిపడే క్షణంలోనూ విడిపోయే క్షణంలోనూ ఉంటుంది. కన్‌స్ట్రెయింట్ విలువ 0 (విడిగా) నుంచి 1కి (ముడిపడి) మారేటప్పుడు మధ్యలో నున్నటి కర్వ్ ఉంటే, ఆ నాలుగైదు ఫ్రేములు చేయి గాల్లో ఎటో పోయి వస్తుంది. ఆ కీని స్టెప్డ్‌లోనే ఉంచాలి, మార్పు ఒక్క ఫ్రేములో జరగాలి, మారే ముందు ఫ్రేములోనూ మారిన ఫ్రేములోనూ చేయి ఒకే చోట ఉండాలి. 20 ఫ్రేముల ఉత్తుత్తి సీన్‌లో ఒకసారి చేసి చూస్తే అరగంట పడుతుంది. అసలు షాట్‌లో నాలుగో రోజు కనిపెడితే ఒక రాత్రంతా పడుతుంది.

సొంతంగా సాధన చేసేవాళ్లకు, ఉచిత 3డీ సాఫ్ట్‌వేర్ బ్లెండర్ తయారుచేసేవాళ్ల బ్లెండర్ స్టూడియో ఉచితంగా ఇచ్చే రెయిన్, స్నో అనే పాత్రలు చాలు. టెస్ట్ రాకముందే ఈ ముడి వేయడం చేతికి అలవాటైపోవాలి.

నిజమైన బరువుతో రిఫరెన్స్

ఖాళీ అట్టపెట్టె తీసుకుని బరువుగా ఉన్నట్టు నటిస్తూ ఫోన్‌లో తీసుకునే రిఫరెన్స్ మోసం చేస్తుంది. నటించేటప్పుడు ముఖం కష్టపడుతుంది, నడుము కష్టపడదు. 10 కేజీల బియ్యం సంచులు రెండు అట్టపెట్టెలో పెట్టి, అడుగు ఊడిపోకుండా టేపు అడ్డంగా, నిలువుగా వేసి ఎత్తండి. మోకాళ్లు వంచే ఎత్తండి, నడుము పట్టేస్తే టెస్ట్ అక్కడితో ఆగిపోతుంది. ఫోన్‌ను బ్రీఫ్‌లోని కెమెరా కోణంలో ఒకసారి, పక్కనుంచి ఒకసారి పెట్టండి. ఐదారు సార్లు చేయండి. మొదటిసారి కెమెరా ఉందన్న స్పృహ ఉంటుంది, మూడోసారికి అది పోతుంది.

ఆ వీడియోను ఫ్రేము ఫ్రేముగా నడిపితే ఒక విషయం స్పష్టంగా కనిపిస్తుంది. పెట్టె కదలకముందే ఒళ్లంతా కదులుతుంది. వేళ్లు అంచు కిందికి దూరతాయి. మోచేతులు నిటారవుతాయి. భుజాలు కిందికి లాగబడతాయి. తుంటి కొద్దిగా పైకి లేచి ఆగుతుంది. ఇదంతా అయ్యాకే పెట్టె నేల వదులుతుంది. చూసేవాళ్లకు బరువు తెలిసేది ఈ ఆలస్యం వల్లే. ముఖంలో ఎంత బాధ పెట్టినా, పెట్టె, తుంటి ఒకే ఫ్రేములో లేస్తే అది ఖాళీ పెట్టే.

ఇక్కడ ఒక సాంకేతిక గోతి ఉంది. ఫోన్లు ఎక్కువగా సెకనుకు 30 ఫ్రేములు తీస్తాయి. ఆ 6 సెకన్ల వీడియోలో 180 ఫ్రేములు ఉంటాయి. వాటిని ఉన్నవున్నట్టు 24 ఫ్రేముల సీన్‌లో ఒకటికొకటిగా పెడితే 7.5 సెకన్లు అవుతుంది. అంటే ప్రతి కదలికా పావువంతు ఎక్కువ సేపు సాగుతుంది. ‘రిఫరెన్స్ చూసే చేశాను, అయినా నిదానంగా ఉంది’ అన్న ఫిర్యాదుకు చాలాసార్లు ఇదే కారణం. పైగా ఫోన్ వీడియోలో ఫ్రేమ్ రేట్ స్థిరంగా ఉండకపోవచ్చు. హ్యాండ్‌బ్రేక్ లాంటి ఉచిత టూల్‌లో ఫ్రేమ్ రేట్ 24, కాన్‌స్టంట్ అని పెట్టి మార్చుకున్నాకే సీన్‌లోకి తెచ్చుకోండి.

కాగితం మీద 144

6 సెకన్లను 24తో గుణిస్తే 144. బొమ్మలు గీసుకుని వాటి కింద ఫ్రేము నంబర్లు వేస్తే షాట్ అందులో పడుతుందో లేదో కాగితం మీదే తేలుతుంది. రిఫరెన్స్ నుంచి తీసిన ఒక లెక్క ఇలా ఉంటుంది. 1 నుంచి 14 వరకు పాత్ర పెట్టెను చూస్తూ నిలబడతాడు. 34 దాకా వంగుతాడు. 44 దాకా పట్టు కుదుర్చుకుంటాడు. 44 నుంచి 62 వరకు మొదటి ప్రయత్నం, పెట్టె కదలదు. 70 దాకా పాదాలు సర్దుకుని మళ్లీ కిందికి కుంగుతాడు. 70లో లాగడం మొదలు, 76లో పెట్టె నేల వదులుతుంది, 96కు నడుము దగ్గరికి వస్తుంది. 100 దాకా తూకం కుదురుతుంది. తర్వాత బల్ల వరకు రెండు అడుగులు. మామూలు నడకలో అడుగుకు 12 ఫ్రేములు అనుకుంటే, ఈ బరువుతో 14. అంటే 128కి బల్ల చేరతాడు.

ఇక మిగిలినవి 16 ఫ్రేములు. అందులో పెట్టె దించాలి, వేళ్లు తీయాలి, ఊపిరి వదలాలి. పట్టదు. ఇది కాగితం మీద తెలియకపోతే షాట్ చివర హడావిడిగా ముగుస్తుంది. టెస్ట్ చూసేవాళ్లకు చివర్లో గుర్తుండిపోయేది అదే.

బ్రీఫ్ మళ్లీ చదివితే అందులో నడక లేదు. బల్లను పాత్ర పక్కనే పెడితే ఒక్క అడుగు వేసి ఒళ్లు తిప్పితే చాలు, దానికి 18 ఫ్రేములు. 118కి బల్ల దగ్గర ఉంటాడు. 14 ఫ్రేములు పెట్టె దించడానికి, చివరి 12 చేతులు వదిలి భుజాలు జారవిడవడానికి. 10 ఫ్రేములు మిగిలాయి, యానిమేట్ చేయాల్సిన అడుగు ఒకటి తగ్గింది, కథలో ఏమీ పోలేదు. గడువున్న టెస్టులో ఇలాంటి కోతలే అసలు నైపుణ్యం. ‘నడక కూడా వచ్చని చూపిస్తే బాగుంటుంది’ అనే ఆశను ఇక్కడే చంపుకోవాలి. నడక అడిగితే నడక టెస్ట్ ఇచ్చి ఉండేవాళ్లు.

బ్లాకింగ్

మాయాలో స్టెప్డ్, బ్లెండర్‌లో కాన్‌స్టంట్. రెండూ ఒకటే: తర్వాతి కీ వచ్చేదాకా పోజు కదలదు. మొదట కథ చెప్పే పోజులు మాత్రమే, పది పన్నెండు. వాటిని వరసగా చూస్తే మాట లేకుండా విషయం అర్థమవ్వాలి. ప్రతి పోజులోనూ శరీరంలోని అన్ని కంట్రోళ్లకూ కీ పెట్టండి, కదలని వాటికి కూడా. తుంటికి 40లో, ఛాతీకి 38లో, చేతికి 43లో కీలుంటే, టైమింగ్ మార్చడానికి పోజును జరిపినప్పుడు సగం శరీరం వెనకే ఉండిపోతుంది. కీలను అటూ ఇటూ జరిపి సాగదీయడం తర్వాతి పని.

రెండో వరసలో బ్రేక్‌డౌన్లు: ఒక పోజు నుంచి ఇంకోదానికి ఏ దారిలో వెళ్తుంది, దేనికి దగ్గరగా ఎక్కువసేపు ఉంటుంది. వంగేటప్పుడు తల ముందా, తుంటి ముందా? లేచేటప్పుడు మోకాళ్లు ముందు సాగుతాయా, వీపు ముందు లేస్తుందా? పక్కనుంచి ఇంకో కెమెరా పెట్టి చూడండి. పెట్టెను ఛాతీ ముందు పట్టుకున్నప్పుడు మనిషి, పెట్టె కలిపి ఉన్న బరువు పాదాల మీద పడాలి. అందుకే పైశరీరం వెనక్కి వాలుతుంది. నిటారుగా నిలబడి 20 కేజీలు చేతులు చాచి పట్టుకున్న పాత్ర నిజానికి ముందుకు పడిపోవాలి. చూసేవాళ్లు కారణం చెప్పలేకపోవచ్చు గానీ ఏదో తేడా ఉందని పట్టేస్తారు.

బ్లాకింగ్ అయిందని ఎప్పుడు అనుకోవాలి? కీల మధ్య ఖాళీ నిదానమైన చోట కూడా 4 ఫ్రేములు మించకుండా, వేగమైన చోట 2కు వచ్చినప్పుడు. చాలామంది 10, 12 ఫ్రేముల ఖాళీలతోనే స్ప్లైన్‌లోకి దూకుతారు. మధ్యలో ఉన్న ఆ పదింటినీ అప్పుడు కంప్యూటర్ యానిమేట్ చేస్తుంది. తేలిపోవడం అక్కడే మొదలవుతుంది.

రెండో రోజు చివరికో, మూడో రోజు మధ్యాహ్నానికో ఈ బ్లాకింగ్‌ను ఎవరికైనా చూపించండి. యానిమేటరే అవ్వక్కర్లేదు. ‘ఎలా ఉంది’ అని అడిగితే ‘బాగుంది’ అంటారు, దాంతో ఉపయోగం లేదు. ‘ఏం జరిగింది, పెట్టె ఎంత బరువుంటుంది’ అని అడగండి. ‘ఐదు కేజీలేమో’ అంటే 44 నుంచి 76 మధ్య పని మిగిలి ఉన్నట్టే.

స్ప్లైన్‌లో వచ్చే రోగాలు

బ్లాకింగ్‌లో 8 ఫ్రేములు ఆగిన పోజు స్ప్లైన్‌లో ఆగదు. మొదటి కీ నుంచి తర్వాతి కీ వైపు నెమ్మదిగా జారుతూ పోతుంది. ఆగాల్సిన చోట అదే పోజును ఆగడం ముగిసే ఫ్రేములో కూడా కీ చేసి, రెండోదాన్ని కొంచెం ముందుకు నెట్టండి, ఛాతీ ఒక డిగ్రీ, తల రెండు డిగ్రీలు. అప్పుడు ఆగినట్టూ ఉంటుంది, బొమ్మలా బిగుసుకుపోదు. దీన్నే మూవింగ్ హోల్డ్ అంటారు.

అన్ని కంట్రోళ్లూ ఒకేసారి తెరవద్దు. ముందు తుంటి. మాయాలో ఎత్తు వై అక్షం మీద, బ్లెండర్‌లో జడ్ మీద ఉంటుంది. తుంటి ఎత్తు చూపే ఆ ఒక్క గీతను శుభ్రం చేశాక పక్కనే పెట్టె ఎత్తు గీతను పెట్టి చూడండి. తుంటి గీత 70లో లేవడం మొదలుపెట్టాలి, పెట్టె గీత 76 దాకా సమంగా ఉండి, 82 దాకా అతి కొద్దిగా లేచి, ఆ తర్వాతే వేగం అందుకోవాలి. పైకి వచ్చాక తుంటి గీత ఒకసారి కిందికి కుంగి కుదురుకోవాలి. ఈ రెండు గీతల మధ్య ఉన్న ఆ 6 ఫ్రేముల తేడాలోనే 20 కేజీలు ఉన్నాయి. తుంటి తర్వాత వీపు, తల, ఆఖర్న చేతులు. తుంటి మారితే చేతులన్నీ మళ్లీ చేయాలి కాబట్టే ఈ వరస.

మోకాలు టక్కున ఎగరడం ఇంకో జబ్బు. ఐకే కాలు పూర్తిగా చాచే స్థితికి దగ్గరైనప్పుడు, తుంటి కొద్దిగా పైకి కదిలినా మోకాలు ఒక్క ఫ్రేములో పెద్ద కోణం మారుతుంది. పాత్ర నిటారుగా లేచే చోట, అంటే 90 చుట్టుపక్కల, ఇది వస్తుంది. తుంటిని కొంచెం దించండి లేదా మడమ కొద్దిగా లేపండి. మోకాలి కంట్రోల్‌తో కుస్తీ పడితే ఒక ఫ్రేములో పోయి ఇంకో ఫ్రేములో తేలుతుంది. పాదాలు జారుతుంటే, నేల మీద ఉన్నంతసేపూ వాటి కీలను ఫ్లాట్ చేయాలి. టాంజెంట్లను (కీ దగ్గర గీత వంపును నిర్ణయించే హ్యాండిళ్లను) స్ప్లైన్‌గానే వదిలేస్తే విలువ సమంగా ఉన్నట్టే కనిపిస్తూ వెంట్రుకవాసి జారుతుంది. స్టూడియోలో పెద్ద తెర మీద అది దాగదు.

టైమింగ్‌ను వ్యూపోర్ట్‌లో (సాఫ్ట్‌వేర్‌లో పని చేసే తెరలో) చూసి తేల్చొద్దు. బరువైన రిగ్ అయితే సెకనుకు 15 ఫ్రేములు కూడా ఆడకపోవచ్చు. ప్రతి ఫ్రేమూ ఆడించమని సెట్టింగ్ ఉంటే షాట్ నిజంకంటే నిదానంగా కనిపిస్తుంది. దాన్ని చూసి మీరు వేగం పెంచుతారు, చివరి వీడియోలో పాత్ర పరుగులు పెడుతుంది. గంటకోసారైనా మాయాలో ప్లేబ్లాస్ట్, బ్లెండర్‌లో వ్యూపోర్ట్ రెండర్ తీసి, ఆ వీడియో చూసే నిర్ణయించాలి. అద్దంలో చూసినట్టు ఎడమ కుడి తిప్పి ఒకసారి ఆడించండి. కళ్లకు అలవాటైపోయిన తప్పులు అప్పుడు బయటపడతాయి.

చివరి రోజు

పాలిష్ అంటే అన్నీ ముట్టుకోవడమని కాదు. మణికట్టు, ముక్కు కొస వెళ్లే దారుల్ని మోషన్ ట్రెయిల్‌తో (కదలిక దారిని గీతగా చూపే టూల్‌తో) చూసి, విరిగిన చోట సరిచేయండి. రెండు చేతులూ ఒకే ఫ్రేములో ఒకేలా కదులుతుంటే ఒకదాన్ని రెండు ఫ్రేములు వెనక్కి జరపండి, పెట్టెను వదిలే చోట ఈ పోలిక బాగా కనబడిపోతుంది. వేళ్లు పెట్టెలోకి దూసుకుపోకుండా, గాల్లో తేలకుండా చూడండి. కళ్లు తలకంటే రెండు మూడు ఫ్రేములు ముందు బల్లవైపు తిరగాలి. రెప్ప వేయడానికి 2 ఫ్రేములు, మూసి 1, తెరవడానికి 3 అనుకుంటే మామూలు రెప్పపాటు వచ్చేస్తుంది. లైటింగ్, టెక్స్చర్లు, సంగీతం జోలికి వెళ్లొద్దు. అడగని వాటికి మార్కులు లేవు, పోయే గంటలు మాత్రం మీవే.

మూడో రోజు ముగిసేసరికి బ్లాకింగే పూర్తికాకపోతే? మొదటి 3 సెకన్లు మెరిసిపోతూ చివరి 3 పచ్చిగా ఉండే షాట్ పంపకండి. పని ఎప్పుడూ షాట్ మొత్తానికి ఒకే స్థాయిలో సాగాలి. మొదటి ప్రయత్నాన్ని తీసేసి షాట్‌ను ఐదు సెకన్లకు కుదించవచ్చు. అదీ కుదరకపోతే దగ్గర దగ్గర కీలతో నింపిన శుభ్రమైన బ్లాకింగ్‌ను, ఇది బ్లాకింగ్ అని మెయిల్‌లో చెప్పి పంపండి. పోజుల్లో ఆలోచన కనిపిస్తే దాన్ని చూసేవాళ్లు గుర్తిస్తారు. తేలిపోతున్న స్ప్లైన్‌లో ఆ ఆలోచన కూడా కనిపించదు.

ప్రతి అరగంటకూ కొత్త నంబరుతో సేవ్ చేస్తూ ఉండాలి, రోజుకోసారి ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లోకో గూగుల్ డ్రైవ్‌లోకో వెళ్లాలి. వీడియో తీసే ముందు ఫ్రేముల పరిధి చూసుకోండి. బ్లెండర్ మామూలుగా 250 దాకా పెట్టి ఉంటుంది, మార్చకపోతే చివర్లో పాత్ర నాలుగు సెకన్లకు పైగా బిగుసుకుని నిలబడుతుంది. హెచ్.264లో ఎంపీ4 తీసి, కింద మూలలో ఫ్రేము నంబరు కనిపించేలా ఉంచితే చూసేవాళ్లు ‘82లో చూడండి’ అని చెప్పగలుగుతారు. స్టూడియో రిగ్‌తో చేసిన షాట్‌ను అనుమతి లేకుండా షోరీల్‌లోనో (పని నమూనాల వీడియోలోనో) యూట్యూబ్‌లోనో పెట్టకూడదు, బ్రీఫ్‌తో పాటు సంతకం పెట్టిన కాగితంలో తరచుగా ఆ షరతు ఉంటుంది.

గడువు సాయంత్రం 6 అయితే మధ్యాహ్నం 3కే అప్‌లోడ్ మొదలుపెట్టండి. లింక్‌ను మెయిల్‌లో పెట్టాక, మీ ఖాతా లేని ఇంకొకరి ఫోన్‌లో తెరిచి, 144వ ఫ్రేము దాకా ఆడించి చూడండి. అనుమతి అడిగే తెర వస్తే సెట్టింగ్ మార్చుకోవడానికి అప్పటికింకా మూడు గంటలు ఉంటాయి.